జనానా పర్దా దగ్గర సోమక్క

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో టీవీ పెడితే, ఆ రోజు విడుదలైన సినిమా గురించి ఒకాయన మాట్లాడుతుంటాడు. మాట ధారగా వస్తుంది, చొక్కా ఇస్త్రీ చెదరదు. కథ ఇది, పాటలు ఇవి, అయిదుకు ఇన్ని మార్కులు అని చెప్పి నవ్వుతాడు. నేను వంటింటి గడపలో నిలబడి ఆయన ముఖమే చూస్తాను. సినిమా చూసేటప్పుడు పక్కనున్న మనిషి ముఖం ఈయన ఒక్కసారన్నా చూశాడా అని నా అనుమానం. ఇంకో చానల్లో ఇంకొకతను వస్తాడు. ఒకరోజు అతను, "పోయిన వారం నేను చెప్పింది తప్పు, రెండోసారి చూస్తే తెలిసింది" అన్నాడు. చేతికి అంటిన పిండి ఎండిపోయిందాకా అక్కడే నిలబడి విన్నాను. అప్పటి నుంచి అతను వస్తే పొయ్యి తగ్గించి వస్తాను. అతని మాటలో నాకు సోమక్క వినిపిస్తుంది. సోమక్క టీవీ ఎరుగదు. అది మా ఊరికి రాకముందే పోయింది. ఆమె గురించి ఇంకెవరూ రాయరు కనుక నేను రాస్తున్నాను.

అప్పుడు మా ఇల్లు మట్టెవాడలో. మా ఆయన సత్యనారాయణకు చౌరస్తా దగ్గర ఇత్తడి సామాన్ల దుకాణం. సోమక్క స్టేషన్ రోడ్డు మీది టాకీసులో జనానా గేటు మనిషి. ఆమెది వర్ధన్నపేట పక్కన పల్లె. మొగుడు మొగిలి మిల్లులో పని చేస్తూ దమ్ము పట్టి మంచాన కూర్చున్నాక, ఇల్లు నడపడానికి ఈ పనిలో కుదిరింది. పొట్టి మనిషి. చేతుల నిండా పచ్చబొట్లు. ఒక్కచోట కుదురుగా నిలబడడం రాదు ఆమెకు. మాట్లాడుతూనే కొంగు సర్దుకునేది, బెంచీ జరిపేది, ఎవరి చంకలోని పిల్లకో ముక్కు తుడిచేది.

జనానా అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. టాకీసులో ఎడమ చేతివైపు ఆడవాళ్ళకు వేరుగా కట్టిన భాగం అది. మూడు పక్కలా చెక్కగోడ, ముందువైపు నీలం గుడ్డ పర్దా. లైట్లు వెలుగుతున్నంతసేపు పర్దా మూసి ఉండాలి, బెంచీ క్లాసు మగవాళ్ళకు మేం కనపడకూడదు. లైట్లు ఆరగానే పర్దా తీయాలి, అప్పుడు మాకు తెర కనిపిస్తుంది. ఇంటర్వెల్ లైటు పడేలోపు మళ్ళీ మూయాలి. మధ్యలో రీలు తెగితే ఠక్కున మూయాలి. ఆ తాడు సోమక్క చేతిలో ఉండేది. ఆట మొదలైనప్పటి నుంచి చివరిదాకా, ఒక చేత్తో తాడు పట్టుకొని, గోడకు ఆనకుండా, మా వైపు తిరిగి నిలబడేది. తెర ఆమెకు ఏటవాలుగా కనిపించేది. మా ముఖాలు మాత్రం తెర వెలుతురులో తిన్నగా కనిపించేవి. అందుకే ఆమె బొమ్మను, అంటే సినిమాను, సగం తెర మీద చూసేది, సగం మా మీద చూసేది.

ఆట అయిపోయాక జనానా ఊడ్చే పని కూడా ఆమెదే. అక్కడే ఉంది ఆమె విద్య. మేం అందరం పల్లీల పొట్లాలు కొంగున కట్టుకొని పోయేవాళ్ళం. బొమ్మ బాగాలేకపోతే చేయి ఊరుకోదు, పొట్టు కుప్పలు పడుతుంది. బొమ్మ పట్టుకుంటే ఒలిచిన గింజ చేతిలోనే ఉండిపోతుంది. సోమక్క చీపురుతో ఊడుస్తూ ఏ బెంచీ కింద ఎంత పొట్టు ఉందో చూసేది. ముందు బెంచీల కింద ఎక్కువుంటే ముసలివాళ్ళకు నచ్చలేదని, వెనక బెంచీల కింద ఎక్కువుంటే కొత్త కోడళ్ళకు నచ్చలేదని.

"నోరు అబద్ధమాడ్తది గని పొట్టు ఆడది," అనేది.

శనివారం పొద్దున ఆమె మా గల్లీ మీదుగా టాకీసుకు పోయేది. అంతకు ముందురోజే కొత్త బొమ్మ పడేది కనుక, ఆ వేళకు ఆడవాళ్ళంతా ఏదో ఒక పని పెట్టుకొని గడపల్లో ఉండేవాళ్ళు. మైకు కట్టిన రిక్షా వచ్చి ప్రతి బొమ్మా అద్భుతమనే చెప్పేది. మగవాళ్ళు చూసి వచ్చి "మంచిగనే ఉన్నది" అని లుంగీ మార్చుకునేవాళ్ళు. మాకు నెలకు ఒక్క బొమ్మ. అది దండగైతే మళ్ళీ నెలదాకా ఇంటి గోడలే. అందుకని మా గల్లీలో మాట ఒక్కటే, సోమక్క ఏమన్నది?

ఆమె ఎప్పుడూ బాగుంది, బాగాలేదు అని చెప్పేది కాదు.

"సోమక్కా, బొమ్మ ఎట్లున్నది?" అని ఎదురింటి కళావతి అడిగేది.

"ఎవలకు?"

"ఎవలకేందే, నాకే."

"మీ అత్త గూడ వస్తదా?"

"రాకుంటే నన్ను పోనిస్తదా?"

"అయితే ఈ వారం వద్దు తియ్. ఇందుల కోడలు గెలుస్తది. ఇంటికొచ్చినంక నీకు ముద్ద దిగనియ్యదు మీ అత్త."

గల్లీ అంతా నవ్వేది. కళావతి వాళ్ళత్త లోపలి నుంచి, "నీ నోట్ల మన్నువడ, నా ముచ్చట ఎందుకే నీకు?" అని తిట్టి, ఆ తర్వాత బయటికొచ్చి, "ఇంతకు ఏ పాట మంచిగున్నది?" అని అడిగేది.

నేను గుంపులో మాట్లాడే మనిషిని కాను. యాభై తొమ్మిది ఎండాకాలంలో నా బిడ్డ రాజి పోయింది. అయిదేళ్ళది. మూడు రోజుల జ్వరం. మొదటి రోజు ఆడుకుంది, రెండో రోజు పడుకుంది, మూడో రోజు తడిగుడ్డ నుదుటి మీద వేస్తుండగానే పోయింది. ఆ తర్వాత నాకు కూర్చోవడం పోయింది. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచేదాన్ని. ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చేదాన్ని. సందుక తెరిచేదాన్ని, ఎందుకు తెరిచానో తెలియక మూసేదాన్ని, మళ్ళీ తెరిచేదాన్ని. మా అత్తమ్మ భద్రమ్మ మాట పొదుపు మనిషి. మనవరాలు పోయినప్పుడు కూడా ఆమె కంట నీరు ఎవరూ చూడలేదు. ఆమె నన్ను ఏడాది పాటు చూసి, ఒకరోజు మా ఆయనతో అన్నది.

"పిల్ల కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతాంది సత్తెం. సిన్మకు తోలియ్యి. మూడు గంటలన్న ఒక్కకాడ కూసుంటది."

అట్లా నేను మొదటిసారి టాకీసుకు ఒంటరిగా పోయాను. గేటు దగ్గర సోమక్క నా టికెట్టు తీసుకోలేదు. చేయి అడ్డం పెట్టింది.

"నువ్వు వద్దు సేటమ్మా. ఇందుల పిల్లగాడు సస్తడు. వచ్చే వారం రా, నవ్వులాట వస్తాంది."

నా సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆమె కూడా రాజి పేరు ఎత్తలేదు. వచ్చే వారం పోయాను. కూర్చున్నాను. మూడు గంటలు నా కాళ్ళు కదలలేదు. ఇంటికి వస్తుంటే దారిలో కాళ్ళు బరువుగా ఉన్నాయి. బిడ్డ పోయిన తర్వాత నాకు అలసట తెలిసింది ఆ రోజే.

అప్పటి నుంచి శనివారం పొద్దున, అందరూ పోయాక, నేను సోమక్కను ఒక్కటే అడిగేదాన్ని.

"ఇందుల పిల్లలు సస్తరా?"

సస్తరు అంటే ఉండిపోయేదాన్ని, సావరు అంటే పోయేదాన్ని. ఏడాది దాటిందాకా ఆమె మాట ఒక్కసారి తప్పలేదు. అంత నమ్మకం నాకు మందిచ్చిన డాక్టరు మీద కూడా లేదు.

అరవై ఒకటిలో శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం నాడే కొత్త బొమ్మ పడింది. రిక్షా మైకులో పాటలు నాలుగు రోజుల నుంచి ఊరంతా మోగుతున్నాయి. శనివారం పొద్దున సోమక్క మామూలు కంటే ఉషారుగా వచ్చింది.

"తియ్యగున్నదవ్వా బొమ్మ! జనానా నిండింది, నేల మీద పొట్టు లేదు. చేటెడు పొట్టు గూడ ఎత్తలే నేను. నేను ఈ పన్ల చేరినకాంచి గిట్ల జూడలే."

నేను చివరన అడిగాను. "పిల్లలు?"

"ఓ పోరి ఉన్నది. ముద్దుముద్దుగ మాట్లాడ్తది. నవ్వుకుంట వస్తవు సేటమ్మా, పో."

ఆ మధ్యాహ్నమే మ్యాట్నీకి పోయాను.

నిజంగానే మొదట్లో నవ్వాను. ఆ పోరి తాత మీసం లాగితే పక్కనున్నామెతో పాటు నేనూ నవ్వాను. నవ్వి, చాలా రోజులకు నా గొంతు నేనే విని ఉలిక్కిపడ్డాను. ఇంటర్వెల్ అయింది. సోమక్క పర్దా మూసింది, తీసింది. ఒక పాట అయింది. పాట చివర ఆ పోరి వాకిట్లో ఆడుతూ ఆడుతూ కూర్చుండిపోయింది. తల్లి వచ్చి ఒళ్ళు తాకి చూసింది.

నాకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసినా చూపు మరల్చలేకపోయాను. తల్లి గిన్నెలో నీళ్ళు పెట్టుకుంది, గుడ్డ తడిపింది, పిండింది. పిండే చేతులు పెద్దవిగా చూపించారు. తెర అంత చేతులు. ఆ గుడ్డ నుదుటి మీద వేసేలోపు నేను లేచి నిలబడ్డాను.

"ఏయ్, కూసో! కానొస్తలేదు," అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కూర్చోలేను. బయటికి పోదామంటే అటూ ఇటూ మోకాళ్ళు, చీకటి. నోరు తెరిచాను. ఏదో ఒక చప్పుడు మాత్రం వచ్చింది.

సోమక్క మా వైపే చూస్తూ ఉంది కదా. ఆమె నన్ను చూసింది. ఒక్క గుంజు గుంజింది. నీలం పర్దా సర్రున మూసుకుపోయింది.

బొమ్మ నడుస్తుండగా జనానా పర్దా మూయడం ఆ టాకీసులో ఎప్పుడూ జరగలేదు. తెర పోయింది, మాటలు మాత్రం అవతల నుంచి వస్తున్నాయి. "ఏమయిందే?" "తియ్యవే!" "సచ్చే ముక్కనే మూస్తివి, పాడుముండా!" అని యాభై మంది ఆడవాళ్ళు ఒక్కసారే లేచారు. బెంచీ క్లాసులో ఈలలు. సోమక్క ఆ మోకాళ్ళ మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఈడ్చుకొని పోయింది.

బయట నాలుగు గంటల ఎండ. కళ్ళు కనిపించలేదు. నన్ను రేకు గోడ నీడన కూలేసి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చి, నాకు ఇవ్వబోయి సగం తన మీదే పోసుకుంది.

"నేను జూడలే బిడ్డా," అన్నది. అంతవరకూ నన్ను సేటమ్మా అనేది. "గా ముక్క నేను జూడనే లేదు. నిన్న ఇంటర్వెల్ అయినంక తాడు తెగింది. ఇంకో తాడు తెచ్చి ముడేసుకునే లోపల గా ముక్క పోయింది. సాయంత్రం ఆటకు దీపాల యాళ్ల, జనానాల ఒక్కరు లేరని నన్ను ఇంటికి పొమ్మన్నరు. నేను పొట్టు జూసి చెప్పిన. పొట్టు లేదు గద, అందరు సంబురంగ చూసిన్రనుకున్న."

అని ఒక్క క్షణం ఆగి, నెత్తి కొట్టుకుంది.

"నిన్న శ్రావణ శుక్రారం! అందరు ఒక్కపొద్దులున్నరు. దీపం పెట్టిందాక నోట్లె గింజ ఏసుకోరు. పొట్టు యాడికెల్లి వస్తది? గంత సోయి లేకపాయెనే నాకు!"

నిజమే. పొద్దున్నే పూజ ముగించుకున్న ఆడవాళ్ళు, కొత్త చీరలు కట్టుకొని, ఆకలి తెలియకుండా పొద్దు గడపడానికి మ్యాట్నీకి పోయారు. నేను కూడా నిన్న ఒక్కపొద్దు ఉన్నదాన్నే. నాకూ తట్టలేదు.

అంతలో మేనేజరు సారంగపాణి వచ్చాడు. సన్నటి మనిషి, నడుముకు తాళాల గుత్తి. కోపం వస్తే ఆ గుత్తి పట్టుకొని ఆడించేవాడు. నేను గోడకు ఒరిగి ముఖం కప్పుకొని ఉన్నాను.

"పర్దా ఏమన్న నీ అయ్య జాగీరా?" అన్నాడు.

"తప్పయింది సారూ. ఈమెకు పానం బాగలేక—"

"ఒక్కామెకు బాగలేకుంటే యాభైమందికి బొమ్మ బంద్ చేస్తవా? లోపల ఆడోళ్లు నన్ను కొట్టేటట్టున్నరు. ఇప్పుడు పోయి ఊరంత చెప్తరు, గా టాకీసుల బొమ్మ సక్కగ చూపియ్యరని. ఇప్పటికే శనారం శనారం నువ్వు గల్లీల్ల పంచాయితి పెట్టి నా జనానా ఖాళీ చేస్తానవు. టాకీసు దొర నన్ను అడుగుతాండు. రేపటికెల్లి రాకు."

సోమక్క కుండ మీద మూత సర్దింది. మళ్ళీ సర్దింది. ఇంట్లో మొగిలి దగ్గు, పొయ్యి మీద కుండ, అన్నీ ఆ తాడుకే వేలాడుతున్నాయని నాకు తెలుసు.

సారంగపాణి గుత్తి ఆడించడం ఆపాడు. ఏదో లెక్క తోచింది అతనికి.

"లేకుంటే ఒక్క పని చెయ్. ఆడోళ్లు నీ మాట ఇంటరు గద? రేపు నా ఎంబడి రిక్షాల కూసో. మైకుల చెప్పు, బొమ్మ బ్రహ్మాండంగున్నది, ఇంటిల్లిపాది రాండ్రి అని. మట్టెవాడ, బట్టలబజారు తిరుగుదాం. గది చేస్తే తాడు నీదే. శనారం ముచ్చట్లు మాత్రం ఇగ బంద్. నేను చెప్పమన్నదే చెప్పాలె."

"సరే సారూ," అన్నది సోమక్క.

నేను ఆ మాట విన్నాను. ఆమెను తప్పుపట్టలేకపోయాను. అయినా ఇంటికి పోయేదాకా ఆ 'సరే' నా చెవిలో తిరుగుతూనే ఉంది. ఇంక శనివారం పొద్దున నేను ఎవరిని అడగాలి?

ఆ సాయంత్రం ఆటకు ఆమె తాడు పట్టుకొని, బొమ్మ మొదటి నుంచి చివరిదాకా చూసిందట. మా వైపు తిరగకుండా తెర వైపే తిరిగి చూసిందని, ఆ ఆటకు పోయిన పక్క గల్లీ ఆమె తర్వాత చెప్పింది.

ఆదివారం నాకు ఒక్క పనీ సాగలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరిన బియ్యంలోనే మళ్ళీ ఏరాను. పొద్దు వాలే వేళ మైకు చప్పుడు దూరంగా మొదలైంది. ముందు పాట, ఆ తర్వాత రోజూ వచ్చేవాడి గొంతు. గల్లీ గల్లీ దాటి వస్తూంది. నేను గడపలోకి, గడప నుంచి వంటింట్లోకి తిరుగుతున్నాను. అత్తమ్మ భద్రమ్మ వత్తులు చేసుకుంటూ, "ఒక్కకాడ నిలబడు పిల్లా, నా కండ్లు తిరుగుతానయి," అన్నది.

రిక్షా మా గల్లీ మొదట ఆగింది. రెండు వైపులా బొమ్మ పోస్టర్లు. సారంగపాణి ఒక పక్క, సోమక్క ఒక పక్క. ఆమె సీటు అంచు మీద కూర్చుంది, ఇప్పుడో ఇంకాసేపటికో దూకేటట్టు. చేతిలో తాడు లేని సోమక్కను నేను చూడడం అదే మొదలు. గడప గడపకూ ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. సారంగపాణి మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"అమ్మలారా, అక్కలారా," అన్నది. మైకులో ఆమె గొంతు వేరేవాళ్ళదిలా ఉంది. "కుటుంబ సమేతంగ... సమేతంగ..."

ఆగింది. సారంగపాణి చిన్నగా ఏదో అందించాడు. ఆమె అతని వైపు చూడలేదు. గడపల్లో ఉన్న ముఖాలు ఒక్కొక్కటీ చూస్తూ పోయింది, జనానాలో చూసినట్టే. నా దగ్గరికి వచ్చి ఆగింది.

"నేను సోమక్కను," అన్నది. ఈసారి గొంతు ఆమెదే. "నిన్న పొద్దుగాల మీకు తప్పు జెప్పిన. బొమ్మ పూరా చూడకుండ చెప్పిన. పొట్టు జూసి చెప్పిన. మీరు ఒక్కపొద్దులున్నరని యాది మర్చిన. నిన్న సాయంత్రం పూరా చూసిన, ఇప్పుడు చెప్తాన ఇనుండ్రి. మొదటి సగం నవ్వుతరు. తాత పాత్ర మంచిగున్నది. ఇంటర్వెల్ అయినంక, పాట కాంగనే, ఓ ఆడపోరి సస్తది. జరంత సేపు కాదు, చానసేపు సస్తది. తల్లి అయినామె అబద్ధం చెయ్యలే, మంచిగ చేసింది, అందుకే కష్టం. కడుపుకోత ఉన్నోళ్లు రాకుండ్రి. దినాలు గడిచినా ఏడ్వబుద్దయి ఏడుపు రానోళ్లు ఉంటరు సూడు, వాళ్లు రాండ్రి. గంతే."

సారంగపాణి మైకు గుంజుకున్నాడు. అది కుయ్యిమని కేక పెట్టింది. రిక్షా తొక్కేవాడు భయపడి తొక్కడం మొదలుపెట్టాడు. సోమక్క నడుస్తున్న రిక్షాలో నుంచే దిగి, చీర దులుపుకొని, ఇంటి దారి పట్టింది.

రిక్షా గల్లీ దాటిపోయింది. తర్వాత కళావతి వాళ్ళత్త అన్నది, "బొమ్మకు రమ్మని చెప్పుమంటే గిట్ల చెప్పేదాన్ని యాడ జూడలే. అయినా నాకు పోబుద్దయితాంది."

చాలామందికి పోబుద్ధి అయింది. ఆ వారమంతా జనానా నిండిందని అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం మా అత్తమ్మ పట్టంచు చీర కట్టుకుంది. ఏ ఊరి నుంచి ఎవరొస్తున్నారో అనుకున్నాను. గడప దాటుతూ నా వైపు చూడకుండా, "అన్నం వండి పెట్టు. నేను జర బయటికి పోయొస్త," అన్నది. అయిదున్నరకు తిరిగి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. నేను నీళ్ళిచ్చాను. తాగి, చెంబు నా చేతికిస్తూ ఒక్క క్షణం నా చేయి పట్టుకొని ఉండిపోయింది. వేళ్ళు వదిలి లోపలికి పోయింది. రాజి పోయి రెండేళ్ళయింది అప్పటికి. ఆ రోజు రాత్రి అన్నం ముందు ఇద్దరం పూర్తిగా కూర్చున్నాం.

జనానా నిండినా సారంగపాణి మనసు మారలేదు. నడుస్తున్న బొమ్మకు పర్దా మూసినదాన్ని ఎట్లా పెట్టుకుంటాం అన్నాడు. తాడు యాకమ్మ అనే ఆమెకు ఇచ్చారు. యాకమ్మ స్టూలు తెచ్చుకొని కూర్చునేది, కునుకు తీసేది. ఇంటర్వెల్ లైట్లు పడ్డాక మేమే అరిచి లేపితే పర్దా మూసేది.

రెండు నెలలు సోమక్క కనిపించలేదు. నేను శనివారాలు గడపలోకి వచ్చి వెనక్కి పోయేదాన్ని. టాకీసుకు పోలేదు. ఎవరిని అడగను? దసరా ముందు కళావతి పరిగెత్తుకొచ్చింది. "సోమక్క గేటు కాడ పల్లీలు అమ్ముతాంది!"

నిజమే. గేటుకు ఇవతల, సర్కారు రోడ్డు మీద, గోనె పరిచి, బుట్టలో వేయించిన పల్లీలు పెట్టుకొని కూర్చుంది. సారంగపాణి రోడ్డును ఏమీ చేయలేడు కదా. కూర్చుంది అన్నాను గానీ కూర్చునేది ఎక్కడ? రెండు పొట్లాలు కట్టి లేచేది, లోపలికి పోయేవాళ్ళ ముఖాలు చూసేది, బయటికి వచ్చేవాళ్ళ ముఖాలు ఇంకా బాగా చూసేది. ఇంటర్వెల్‌లో ఎంతమంది రెండో పొట్లం కొన్నారో అదే ఆమెకు ఇప్పుడు పొట్టు.

మా మరిది ఒకసారి ఆమెను ఏడిపించాడు. "సోమక్కా, బొమ్మ బేకారైతేనే నీ పల్లీలు ఎక్కువ అమ్ముడుపోతయి గద. అందరికి మంచిగున్నదని చెప్పి లోపలికి తోలు."

"తోల్త. తోలినంక వచ్చే వారం నా మొఖం ఎవ్వలు జూస్తరు, నువ్వు జూస్తవా?" అని, అతని చేతిలో ఇంకో గుప్పెడు పల్లీలు పోసింది.

మైకులో తప్పు ఒప్పుకున్న తర్వాత ఆమె మాటకు విలువ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఒక మార్పు మాత్రం వచ్చింది. ఇప్పుడు చెప్పేముందు, "ఇంత చూసిన, ఇంత చూడలే, ఇది ఇన్న మాట," అని విడదీసి చెప్పేది. ఆ విడదీసి చెప్పేది నాకు ఇంకా నచ్చింది.

అరవై ఆరులో సంగతి ఇది. అప్పటికి నాకు ఇద్దరు కొడుకులు. ఒక బొమ్మ గురించి ఊరంతా మాట్లాడుతోంది. నేను సోమక్క దగ్గరికి పోయి అడిగాను.

"ఇందుల పిల్లలు సస్తరా?"

"సస్తది," అన్నది. తర్వాత నా ముఖం కాసేపు చూసింది. "గని బొమ్మ మంచిగున్నది సేటమ్మా. ఆ ఒక్క ముక్క కోసం అంత మంచి బొమ్మ ఇడిసిపెట్టుడు నాకు ఒప్పుతలేదు. ఒక పని చెయ్. లోపలికి పో. ఇంటర్వెల్ అయినంక రెండో పాట వస్తది, పడవల పాట. పాట అయిపోతాననంగ లేచి బయటికి రా. నా కాడ కూసో. ముక్క అయిపోంగనే నేను చెప్త, మళ్ల పో."

పోయాను. చివరి బెంచీలో, వాకిలి పక్కన కూర్చున్నాను. పడవ పాట అయిపోవస్తుండగా లేచి వచ్చేశాను.

సోమక్క గోనె మీద జరిగి చోటిచ్చింది. ఇద్దరం కూర్చున్నాం. రేకు గోడ వెనక నుంచి అన్నీ వినిపిస్తున్నాయి. వాన చప్పుడు, తల్లి పిలుపు, పిల్ల దగ్గు. నా చేతులకు ఏదో పని కావాలి. బుట్టలో చేయి పెట్టి పల్లీలు తీసి ఒలవడం మొదలుపెట్టాను. గోనె నిండా పొట్టు పడుతోంది. గింజలు నోట్లో వేసుకోలేదు, ఒళ్ళో పోగవుతున్నాయి. సోమక్క నా చేతుల వైపు, పొట్టు వైపు చూస్తోంది. ఆమె ఒక్కసారి కూడా లేవలేదు. నేను ఆమెను ఎరిగినన్నాళ్ళలో అంతసేపు కదలకుండా కూర్చోవడం అదే చూశాను.

లోపల తల్లి అరుపు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు సన్నగా సన్నాయి.

"ఇగ పో," అన్నది సోమక్క. "అయిపోయింది."

"అయిపోయిందా?" అన్నాను.

ఆమె నా ఒళ్ళోని గింజలు దోసిట్లోకి తీసుకొని, నా కొంగున కట్టి, ముడి బిగించింది.

"బొమ్మల అయిపోయింది బిడ్డా," అన్నది. "పో. మిగిలింది మంచిగుంటది."